కార్బన్ ఫోర్క్ స్టీరర్‌లో పగులు దొరికింది, మీ స్టెమ్ కూడా ఒకసారి విప్పి చూసుకోండి

నార్సింగి_రైడర్
అందరికీ నమస్తే. నిన్న పొద్దున జరిగింది రాస్తున్నాను. పొడుగైపోతుందేమో, కానీ చదివాక ఒక్కరైనా స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి బిగించే ముక్క) విప్పి చూసుకుంటే నాకు అదే చాలు.

నాది ఫుల్ కార్బన్ రోడ్ బైక్. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నా చేతికి వచ్చాక ఒక్కసారి కూడా పడలేదు. మూడు వారాలుగా ముందు వైపు నుంచి చిన్నగా 'టిక్' మని శబ్దం వస్తోంది. సీట్లోంచి లేచి తొక్కితేనే వస్తుంది, కూర్చుంటే ఉండదు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే) బేరింగ్ అనుకుని ఒక షాపులో విప్పించి గ్రీజు పెట్టించాను. రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది. రోజూ ఆఫీసు టెన్షన్‌లో 'ఈ ఆదివారం చూద్దాంలే' అనుకుంటూ అలాగే తొక్కేశాను.

నిన్న ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఒకాయన అడ్డం రావడంతో ముందు బ్రేకు గట్టిగా పట్టాను. హ్యాండిల్ ఒక్క క్షణం మెత్తగా ముందుకు ఒంగినట్టు అనిపించింది. గుండె ఆగినంత పనైంది. దిగి, ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపి చూశాను. హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందు గొట్టం) దగ్గర లూజు ఏమీ లేదు, కానీ స్టెమ్ మాత్రం కదులుతోంది. ఇక ఎక్కలేదు. ఆటో మాట్లాడుకుని ఇంటికి తెచ్చేశాను.

స్టెమ్ తీశాక చూస్తే, కింది బోల్టు ఉండే ఎత్తులో స్టీరర్ ట్యూబ్ (ఫోర్క్ నుంచి పైకి స్టెమ్‌లోకి వెళ్లే గొట్టం) చుట్టూ సగం దాకా బూడిదరంగు గీత ఉంది. గోరు పెడితే పట్టుకుంటోంది. గీత వెంట సన్నటి నల్ల పొడి. వేలితో నొక్కితే అక్కడ ట్యూబ్ లోపలికి పోతోంది, తాటిముంజని నొక్కినట్టు. గంటకి 35 కిలోమీటర్ల స్పీడులో ఉన్నప్పుడు అది తెగి ఉంటే? రాత్రి నిద్ర పట్టలేదు.

పడని సైకిల్‌కి పగులు ఎలా వచ్చింది? తెలిసినవాళ్లు చెప్పండి.

వైజాగ్_మేస్త్రీ
ముందు నువ్వు దిగి ఆటో ఎక్కావు చూడు, అది మంచి పని చేశావు తమ్ముడూ. 'ఇంటిదాకా మెల్లగా పోదాం' అనుకునేవాళ్లే ఎక్కువ.

రెండు విషయాలు చెప్పు. స్టెమ్ మీద స్పేసర్లు (ఎత్తు సర్దే రింగులు) ఎన్ని ఉన్నాయి? పై మూత కింద లోపల ఉండే ఎక్స్‌పాండర్ ప్లగ్ ఎంత పొడుగుంది?

నార్సింగి_రైడర్
అన్నా, స్టెమ్ మీద మూడు స్పేసర్లు, 10 మిల్లీమీటర్లవి, అంటే మొత్తం 30. నాకు అమ్మినాయన హ్యాండిల్ కిందికి ఉండాలని స్టెమ్ దించి స్పేసర్లు పైకి పెట్టాడట. ప్లగ్ ఇప్పుడే కొలిచాను, మూత అంచు వదిలేస్తే 35 ఉంది.

వైజాగ్_మేస్త్రీ
అయితే నీ జవాబు అక్కడే ఉంది.

స్టీరర్ అంటే లోపల ఖాళీగా ఉండే కార్బన్ గొట్టం. స్టెమ్ బోల్టులు బిగిస్తే అది చుట్టూ నుంచి ఆ గొట్టాన్ని పిండుతుంది. పిండేచోట లోపలి నుంచి ఏదో ఒకటి ఆనుకుని ఉండాలి, ఆ పని చేసేదే ప్లగ్. హెడ్‌సెట్ బిగించడానికి మాత్రమే అది ఉందని చాలామంది అనుకుంటారు. నీ బండిలో ప్లగ్ పైనుంచి 35 మిల్లీమీటర్ల వరకే దిగింది. అందులో 30 స్పేసర్లకే సరిపోయింది. స్టెమ్ వెనకాల మిగిలింది 5 మిల్లీమీటర్లు. స్టెమ్ సుమారు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది కదా, కింది బోల్టు దగ్గర గొట్టం వెనక ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీ మీద బోల్టు ఎవరో చేతి అంచనాతో బిగించారు. మొదటిరోజే లోపలి పొర నలిగి ఉంటుంది. తర్వాత నువ్వు లేచి తొక్కిన ప్రతిసారీ, గుంతలో పడ్డ ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా పాకింది. ఆ టిక్కు శబ్దం అదే.

నా దగ్గరికి వచ్చే కార్బన్ బళ్లలో గొట్టం నడిమధ్యలో దానంతట అది విరిగినవి చాలా తక్కువ. నేను చూసేవన్నీ బిగింపుల దగ్గరే. స్టెమ్ కింద, సీట్ పోస్ట్ క్లాంపు దగ్గర, బ్రేకు లివర్ హ్యాండిల్‌ని పట్టుకునే చోట, ఫ్రంట్ డిరైలర్ (ముందు గేరు మార్చేది) క్లాంపు దగ్గర. మనిషి చెయ్యి పడిన చోటే పగులు. చాలా స్టెమ్‌లకి 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని బోల్టు పక్కనే రాసి ఉంటుంది. పొట్టి ఆలెన్ కీతో 'ఇంకొంచెం' అంటే 10 దాటేస్తుంది, చేతికి తేడా తెలియదు. టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే రెంచ్) లేకుండా కార్బన్ బండి పెట్టుకోవద్దు. నేను ఈ మాట షాపుకి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను, విసుక్కున్నా చెప్తాను.

గుంటూరు_గేర్
అందుకే నేను కార్బన్ జోలికే పోలేదు. అల్యూమినియం అయితే ముందు ఒంగుతుంది, మనకి తెలుస్తుంది. కార్బన్ చెప్పకుండా పోతుంది. మన రోడ్లకి అది పనికిరాదని నా అభిప్రాయం.

పొరమీదపొర
గుంటూరు గారూ, మీ భయం నాకు అర్థమవుతోంది, కానీ ఆ మాట సగమే నిజం. నేను విమానాల కాంపోజిట్ భాగాల క్వాలిటీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, సైకిల్ నా పిచ్చి, కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

కార్బన్ పోగు ఒక్కోటి సుమారు 7 మైక్రాన్ల మందం, మన తల వెంట్రుకలో పదో వంతు. 3కె అంటే అలాంటివి 3000 కలిపిన కట్ట. పోగు వెంబడి లాగితే దాని బలం స్టీలుని దగ్గరికి కూడా రానివ్వదు. కానీ అడ్డంగా నొక్కితే, పిండితే, ఆ భారం మోసేది పోగు కాదు, పోగుల మధ్య ఉన్న ఎపాక్సీ జిగురు. అందుకే డిజైనరు ఒక పొర నిలువుగా, ఒక పొర 45 డిగ్రీల్లో, ఒక పొర అడ్డంగా వేసుకుంటూ వెళ్తాడు. తను ఊహించిన భారాలకి ఆ ఫ్రేము చాలా గట్టిది, ఊహించని భారానికి అంత గట్టిది కాదు. టాప్ ట్యూబ్ నడుమ గోడ మందం కొన్ని ఫ్రేముల్లో ఒక మిల్లీమీటరు దగ్గర్లోనే ఉంటుంది. మీరు దాని మీద కూర్చుని ఫొటో దిగినప్పుడు, రిపేర్ స్టాండ్ దవడతో దాన్ని పట్టినప్పుడు, గోడకి ఆనించిన బండి జారి మెట్టు అంచు మీద పడినప్పుడు పడేది అలాంటి భారమే. పైన పెయింట్ మీద ఏమీ కనిపించకపోవచ్చు. లోపల పొరలు విడిపోయి ఉంటాయి.

ఇంకోటి. ఖరీదైన ఫ్రేము అంటే ఎక్కువ గట్టిది అనుకుంటారు. టీ700 రకం పోగు తెగేముందు 2.1 శాతం సాగుతుంది. ఫ్రేము ఒంగకుండా బిగుతుగా ఉండటం కోసం వాడే ఎం40జే రకం అయితే 1.2 శాతమే. అంటే బాగా బిగుతైన, బాగా తేలికైన ఫ్రేము దెబ్బకి తక్కువ ఓర్చుకుంటుంది. రోజువారీ తొక్కడానికి కంపెనీల రెండో స్థాయి ఫ్రేమే మేలు అని నేను అందుకే అంటాను. ధర తగ్గుతుందని కాదు.

ఇక 'లోహం చెప్పి పోతుంది' అన్న మాట. 2006 పారిస్-రూబే రేసులో అమెరికా రైడర్ జార్జ్ హింకాపీ స్టీరర్ విరిగి చేతులు గాల్లో ఉండగా పడిన వీడియో అందరూ చూసే ఉంటారు. ఇప్పటికీ కార్బన్‌కి ఉదాహరణగా దాన్నే చూపిస్తారు. ఆ రోజు విరిగిన స్టీరర్ అల్యూమినియం. అంతకుముందే అతను అదే రేసులో ఒకసారి పడ్డాడు కూడా. 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ పర్స్యూట్‌లో ఆస్ట్రేలియా రైడర్ అలెక్స్ పోర్టర్ హ్యాండిల్ ఊడి ట్రాక్ మీద జారిపోయాడు. అది 3డీ ప్రింట్ చేసిన టైటానియం. అల్యూమినియానికి అలసట హద్దు అనేది లేదు, చిన్న భారమైనా సరే, కోట్లసార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. ఆ పగులు కూడా ఒంగకుండానే ఒక్కసారిగా తెగుతుంది.

గుంటూరు_గేర్
హింకాపీది అల్యూమినియం అని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ లోహంలో పగులు కంటికి కనిపిస్తుంది కదా, మీరే అంటున్నారు కార్బన్‌లో పెయింట్ కింద దాగుతుందని. అసలు తేడా అదే, నా భయమూ అదే.

పొరమీదపొర
అవును, ఆ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

డల్లాస్_చక్రం
లోహం మాట వచ్చింది కాబట్టి ఇక్కడ నాకు జరిగింది చెప్తాను. 2023 సెప్టెంబరులో షిమానో కంపెనీ క్రాంకుల (పెడల్ తగిలించే చేతులు) రీకాల్ (లోపం ఉందని వెనక్కి పిలవడం) వచ్చింది గుర్తుందా? 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ మోడళ్లు, 2012 జూన్ నుంచి 2019 జూన్ మధ్య తయారైనవి. రెండు అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించి లోపల బోలుగా చేసిన క్రాంకులు అవి. ఆ అతుకు విడిపోతోంది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6,80,000 క్రాంకులు. విడిపోయిన సంఘటనలు 4,500 పైగా తమకి చేరాయని కంపెనీయే చెప్పింది. నాది 2016ది. షాపులో చూసి, స్పైడర్ (పళ్ల చక్రాన్ని పట్టుకునే భాగం) దగ్గర అతుకు గీత మీద వెంట్రుకంత ఎడం చూపించారు. నేను దాని మీద ఆ వారమే 100 మైళ్లు తొక్కి వచ్చాను.

రీకాల్ అయ్యిందా లేదా అని సీరియల్ కోడ్ చూసుకోవడం ఇండియాలో చాలామంది చెయ్యడం లేదని మా తమ్ముడు చెప్పాడు. సెకండ్ హ్యాండ్ బండి అయితే కంపెనీ నుంచి మీకు మెయిల్ రాదు, పాత ఓనరుకి వెళ్తుంది. కాబట్టి మీరే వెతుక్కోవాలి. స్టీరర్ గురించే అయితే, స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్లు 2021 అక్టోబరులో టార్మాక్ ఎస్ఎల్7 బండిని రీకాల్ చేశారు. హెడ్‌సెట్ కంప్రెషన్ రింగు వల్ల స్టీరర్ మీద ఒత్తిడి పడి పగులుతుందని రింగు మార్చి, కొత్త ఎక్స్‌పాండర్ ప్లగ్ వేసిచ్చారు. మేస్త్రీ గారు ప్లగ్ గురించి చెప్పినదానికీ దీనికీ పోలిక చూడండి.

ఘాట్_దిగేపిల్ల
అదే ఏడాది మార్చిలో ల సామిన్ రేసులో డచ్ రైడర్ మాథ్యూ వాన్ డర్ పూల్ హ్యాండిల్ ఒక పక్క విరిగి చేతిలో వేలాడింది, అలాగే తొక్కుతూ ఫినిష్ చేశాడు. తర్వాత ఆ బండి కంపెనీ కాన్యన్ వాళ్లు ఏరోడ్ మోడల్ బండ్లు తొక్కడం ఆపమని అందరికీ చెప్పారు. ఆ విరిగిన చోటు కూడా బ్రేకు లివర్ క్లాంపు దగ్గరే! మేస్త్రీ గారు చెప్పిన లిస్టులో ఉన్నదే.

నాది వేరే కథ. నేను బెంగళూరులో ఉంటాను, రిమ్ బ్రేకు కార్బన్ చక్రాలు వాడేదాన్ని, ఆన్‌లైన్‌లో కొన్నవి, పేరులేని బ్రాండు. ఒక ఆదివారం నంది హిల్స్ దిగుతుంటే ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. అంత రద్దీలో వదలడానికి భయమేసి వెనక బ్రేకు వదలకుండా నొక్కి పట్టుకునే ఉన్నాను. సగం దిగాక బ్రేకు ఒక చోట దడ్ దడ్ మని తగలడం మొదలైంది. ఆగి రిమ్ మీద చెయ్యి పెట్టబోతే కాలింది. చల్లారాక వేలు పెట్టి తిప్పితే బ్రేకు పట్టే చోట పులిపిరి లాగా ఉబ్బు. ఎపాక్సీ ఒక వేడి దాటితే మెత్తబడుతుంది, అప్పుడు లోపలి టైరు గాలి రిమ్ గోడని బయటికి తోస్తుంది, పొరలు విడిపోతాయి. అది ఇంకొంచెం ఉబ్బితే టైరు ఊడి వచ్చేది.

ఎవరికైనా రిమ్ బ్రేకు కార్బన్ చక్రాలు ఉంటే: బ్రేకు పట్టుకుని ఉండకండి, మలుపుకి ముందు గట్టిగా పట్టి వదిలేయండి, ముందూ వెనకా మార్చుకుంటూ. కార్బన్ రిమ్‌కి చెప్పిన ప్యాడ్లే వాడండి. లేటెక్స్ ట్యూబులు వద్దు. అరకు ఘాట్ అయినా, హార్స్‌లీ హిల్స్ అయినా, నీలగిరుల్లో కల్హట్టి అయినా ఇదే. నేను ఇప్పుడు డిస్క్ బ్రేకు బండికి మారాను.

బీచ్‌రోడ్_650
వైజాగ్ నుంచి ఇంకో బాధ. నా కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీట్ పోస్ట్. ఏడాది పాటు తియ్యలేదు. రోజూ ఆర్కే బీచ్ గాలి, ఇంటికొచ్చాక చెమట కారుతూ బాల్కనీలో పెట్టడం. ఎత్తు మార్చాల్సి వచ్చి తియ్యబోతే రాలేదు. సీటు పట్టుకుని తిప్పాను. ఇంకా గట్టిగా తిప్పాను. సీట్ ట్యూబ్ పై అంచున చిట్ మంది. అంతే, నిలువుగా రెండంగుళాల చీలిక. నా చేతులతో నేనే విరగ్గొట్టుకున్నాను, ఇప్పటికీ ఆ చోటు చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది.

వైజాగ్_మేస్త్రీ
మన సముద్రం ఒడ్డున ఇది నెలకి ఒకటైనా వస్తుంది. కార్బన్, అల్యూమినియం రెండూ తాకుతూ ఉండి మధ్యలో ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీ లాంటిదే. తినేది అల్యూమినియాన్ని. తెల్లటి పొడి పుట్టి, ఆ పొడి ఉబ్బి పోస్టుని లోపల బిగించేస్తుంది. సీట్ పోస్టే కాదు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) దగ్గర అతికించిన అల్యూమినియం గొట్టం, బాటిల్ బోల్టుల రివెట్లు కూడా ఇలాగే వదులవుతాయి. మంచి ఫ్రేముల్లో మధ్యలో సన్నటి గాజుపీచు పొర వేసి తాకకుండా చేస్తారు.

పట్టేసిన పోస్టుని ఎప్పుడూ తిప్పకండి. రెండ్రోజులు పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి ఉంచి, రాకపోతే పోస్టుని కోసి లోపలి నుంచి తీయాలి. పోస్టు పోతే రెండు వేలు, ఫ్రేము పోతే లక్ష. మూడు నెలలకొకసారి బయటికి తీసి తుడిచి, కార్బన్ పేస్ట్ రాసి పెట్టండి. మామూలు గ్రీజు కార్బన్ బిగింపులకి వద్దు, జారుతుంది, జారిందని ఇంకా బిగిస్తారు, అక్కడ పగులుతుంది. పేస్టులో సన్నటి ఇసుక లాంటి రేణువులు ఉంటాయి, తక్కువ టార్క్‌తోనే పట్టు దొరుకుతుంది.

కరీంనగర్_కొత్తోడు
అన్నలూ అక్కలూ, నేను వచ్చే నెల సెకండ్ హ్యాండ్ కార్బన్ బండి ఒకటి తీసుకుందామనుకుంటున్న. 85 వేలు చెప్తున్నడు. ఈ త్రెడ్ చదివినంక భయమైతుంది. ఏమేం చూసుకోవాలె? ఇంకో దోస్తు ఆన్‌లైన్‌ల పెద్ద కంపెనీ పేరున్న ఫ్రేము 40 వేలకే వస్తుంది, అది తీస్కో అంటున్నడు.

పొరమీదపొర
తమ్ముడూ, ముందు ఆ 40 వేలది వదిలేయి. మూడు లక్షల ఫ్రేము 40 వేలకి వచ్చిందంటే దాని మీద ఉన్నది స్టిక్కరు మాత్రమే. సరిగ్గా చేసే చోట లోపల బ్లాడరు (గాలి సంచి) ఉబ్బించి పొరల్ని అచ్చుకి గట్టిగా అదుముతారు, గాలి బుడగలు ఉండకుండా. నకిలీ వాటిని కోసి చూస్తే మలుపుల దగ్గర పొరలు ముడతలు పడి, బుడగలు ఉండి, ఎపాక్సీ గడ్డ కట్టి ఉంటుంది. బయటికి పెయింట్ నున్నగా మెరుస్తుంది. అసలు ఫ్రేముకి ఐఎస్ఓ 4210 ప్రకారం తొక్కుడు పరీక్ష అని ఒకటి ఉంటుంది, పెడల్ భారాన్ని లక్షసార్లు వేసి చూస్తారు. నకిలీది ఆ పరీక్ష గది ముఖం కూడా చూసి ఉండదు. ముఖ్యంగా హ్యాండిల్, ఫోర్క్, సీట్ పోస్ట్ నకిలీవి ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకు. నీ పళ్లు, నీ మెడ ఎముక వాటి మీద ఆధారపడి ఉంటాయి.

ఆ 85 వేల బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చి లైటు, ఒక రూపాయి నాణెం, పాత బనీను గుడ్డ తీసుకుని వెళ్లు. బండి కడిగి ఉంచమని ముందే అడుగు. బనీను గుడ్డతో గొట్టాలన్నీ మెల్లగా తుడువు, పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ ఆగి టార్చి ఏటవాలుగా వేసి చూడు. తర్వాత నాణెంతో తట్టు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. బాగున్న చోట ఖంగుమని తేటగా మోగుతుంది, పొరలు విడిపోయిన చోట మొద్దుగా 'దబ్' మంటుంది. గొట్టాలు కలిసే చోట మందం ఎక్కువ కాబట్టి అక్కడ మామూలుగానే శబ్దం మారుతుంది, దానికి కంగారు పడకు. ఎడమ పక్క కొట్టిన చోటే కుడి పక్కా కొట్టి పోల్చు, తేడా ఉంటేనే అనుమానించు. ఈ నాణెం పరీక్షలో తేడా దొరికితే లోపం ఉందనే అనుమానించాలి. దొరకలేదంటే లేనట్టు కాదు. నమ్మకంగా తెలియాలంటే అల్ట్రాసౌండో సీటీ స్కానో కావాలి.

వైజాగ్_మేస్త్రీ
దానికి తోడు నాది ఒక్క మాట. అమ్మేవాడి ముందే స్టెమ్ తీయించి స్టీరర్ చూడు, సీట్ పోస్ట్ బయటికి తీయించు. 'ఎందుకండీ, అంతా బాగుంది' అని ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయి. బేరం తర్వాత, విప్పడం ముందు.

ఘాట్_దిగేపిల్ల
చైన్ స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా వెళ్లే గొట్టం) లోపలి వైపు కూడా చూడు తమ్ముడూ. చైను జారి ఫ్రేముకీ చైన్‌రింగ్‌కీ మధ్య ఇరుక్కుంటే కార్బన్‌ని రంపంలా కోసేస్తుంది. అక్కడ నూనె మురికి కింద గాటు దాగి ఉంటుంది.

బీచ్‌రోడ్_650
ఇంతకీ రిపేరు సంగతేంటి? నా సీట్ ట్యూబ్ చీలిక బాగు చేస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. చేయించాలా, పారెయ్యాలా?

పొరమీదపొర
మీది చేయించవచ్చు. విమానం రెక్కలకే ప్యాచ్ వేసి ఎగరేస్తున్నారు, సైకిల్ గొట్టానికి వెయ్యకూడదని ఏమీ లేదు. కానీ ఎలా చేస్తారో అడగండి. పైన రెండు చుట్లు గుడ్డ చుట్టి ఎపాక్సీ పూసి రుద్దేస్తాం అంటే వద్దు. పగిలిన చోటు చుట్టూ ఒక్కో పొరా మెట్లు మెట్లుగా అరగదీసి, ఏ పొర ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే కొత్త పొర వేసి, గట్టిగా అదిమి, వేడిలో ఆరబెట్టాలి. అలా చేసే మనిషి మీకు ముందే ఫొటోలు చూపిస్తాడు.

చైన్ స్టే, టాప్ ట్యూబ్, సీట్ ట్యూబ్ అయితే సరే. ఫోర్క్, స్టీరర్, హ్యాండిల్ మాత్రం ఎవరు ఎంత బాగా చేస్తామన్నా వద్దు.

డల్లాస్_చక్రం
ఇక్కడ కాస్త తేడాగా ఆలోచిస్తాను సార్. కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ లాంటివాళ్లు, 1991లో గ్రెగ్ లెమాండ్ టీముకి కార్బన్ ఫ్రేములు చేసిచ్చిన మనిషి, ఏళ్ల తరబడి ఫ్రేములు రిపేరు చేస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్ల చేతిలో ఫోర్క్ కాలు మీద గీత కూడా...

పొరమీదపొర
పెయింట్ గీత వేరు, పగులు వేరు అండీ. ఫ్రేములో ఒక గొట్టం తెగితే చాలా సందర్భాల్లో బండి కుంగుతుంది, మనకి ఆగే టైము దొరుకుతుంది. ఫోర్క్ తెగితే మొహం నేల మీద ఉంటుంది. పదిహేను ఇరవై వేల కొత్త ఫోర్క్ కోసం ఆ రిస్క్ నేను ఎవరినీ తీసుకోమని చెప్పలేను.

డల్లాస్_చక్రం
సరే, ఆ లెక్క నాకూ అర్థమైంది. స్టీరర్ విషయంలో మీతోనే ఉన్నాను.

బీఆర్ఎం_నడిరాత్రి
ప్రయాణాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. 600 కిలోమీటర్ల బ్రెవే (టైములోపు పూర్తి చెయ్యాల్సిన లాంగ్ రైడ్) కోసం సైకిల్‌ని రైల్లో పార్సిల్ వేశాను, అట్టపెట్టె లేకుండా, గోనె చుట్టి. దిగాక చూస్తే దాని మీద ఇనుప సామాను మూటలు. బయటికి పెయింట్ గీసుకోవడం తప్ప ఏమీ కనిపించలేదు. అలాగే మొదలుపెట్టాను. రాత్రి రెండింటికి, నార్కట్‌పల్లి దాటాక, వెనక నుంచి కిర్రు కిర్రు. ఆగి టార్చి వేస్తే సీట్ స్టే (సీటు కింది నుంచి వెనక చక్రానికి దిగే గొట్టం) మీద అడ్డంగా గీత, పెడల్ నొక్కితే నోరు తెరుస్తోంది. అక్కడే ఆపేశాను. చాలా బాధేసింది, ఎనిమిది నెలల ప్రాక్టీసు. కానీ ఒంటరిగా హైవే మీద చీకట్లో ఆ బండి మీద ముందుకు వెళ్లే ధైర్యం రాలేదు.

రైలైనా విమానమైనా పెట్టెలో పెట్టేటప్పుడు ఫోర్క్ కాళ్ల మధ్య, వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు) మధ్య చక్రం బదులు ప్లాస్టిక్ కడ్డీ పెట్టండి, షాపుల్లో అడిగితే ఊరికే ఇస్తారు. దిగాక మొదటి రైడ్‌కి ముందు పూర్తిగా చూసుకోండి. కారు పైన వేసే బెల్టు టాప్ ట్యూబ్ మీద కాకుండా చక్రాల మీద బిగించండి.

కరీంనగర్_కొత్తోడు
అప్‌డేట్: పోయి చూసిన. స్టెమ్ తీయమంటే తీసిండు, మంచిగుండె. సీట్ పోస్ట్ మాత్రం అస్సలు రాలే. తిప్పుతా అన్నడు, వద్దన్న. తీస్కోలేదు. ఇంకోటి చూస్తున్న.

వైజాగ్_మేస్త్రీ
భేష్.

నార్సింగి_రైడర్
ఇరవై రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

పాత ఫోర్క్ స్టీరర్‌ని పగులు దగ్గర నిలువుగా కోశాను. మాస్క్ వేసుకుని, నీళ్లు పోస్తూ సన్నపళ్ల బ్లేడుతో, ఎందుకంటే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. లోపల చూస్తే మేస్త్రీ అన్న ఇక్కడ చెప్పినట్టే ఉంది. ప్లగ్ పట్టుకున్న గుర్తులు పైన ఎక్కడో ఆగిపోయాయి, అక్కడి నుంచి పగులుకి మధ్య బొటనవేలు పట్టేంత ఎడం ఉంది. బయట సగం చుట్టూ ఉన్న గీత లోపల ముప్పావు చుట్టూ పాకింది. మిగిలిన పావు మీద నేను మూడు వారాలు తొక్కాను. పొరలు పుస్తకం తడిసి ఆరితే పేజీలు విడిపోయినట్టు విడిపోయి ఉన్నాయి, వేలితో ఒక్కో పొర లేపగలిగాను.

కంపెనీ ఫోర్క్ తెప్పించి వేయించాను. స్పేసర్లన్నీ స్టెమ్ కిందికి, పైన 5 మిల్లీమీటర్లది ఒక్కటే. ప్లగ్ పొడుగుది, స్టెమ్ కింది బోల్టు దాటి దిగేది. బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా 5 ఎన్ఎం వరకు, నా కొత్త టార్క్ రెంచ్‌తో నేనే బిగించాను. నాకు బండి అమ్మినాయనకి కూడా ఫోన్ చేసి చెప్పాను. పాపం ఆయన చాలా బాధపడ్డాడు, తన ఇప్పటి బండి మీద కూడా స్పేసర్లు అలాగే పైన పెట్టుకున్నాడట, ఆ సాయంత్రమే విప్పి చూసుకున్నాడు, దానికి ఏమీ కాలేదు.

నిన్న 40 కిలోమీటర్లు తొక్కాను, చాలాసేపు లేచి నిలబడే. టిక్కు లేదు. కోసిన స్టీరర్ ముక్కలు రెండూ సంచిలో పెట్టుకుని ఈ ఆదివారం పొద్దున ఆరింటికి ట్రాక్ నార్సింగి గేటు దగ్గర ఉంటాను. చేత్తో పట్టుకుని చూడాలనుకునేవాళ్లు రండి, టార్క్ రెంచ్ కూడా తెస్తాను, మీ స్టెమ్‌లు అక్కడే చూసుకుందాం.